ఉప్పునీటి అక్వేరియానికి ఏ సైజు ప్రొటీన్ స్కిమ్మర్ కొనాలి? మేతతో మొదలుపెట్టి లెక్క వేసే పద్ధతి

ఉప్పునీటి టాంకులోని మలినాన్ని గాలి బుడగలతో నురుగుగా తీసేసే ప్రొటీన్ స్కిమ్మర్ కొనడానికి వెళితే దుకాణంలో అడిగే మొదటి ప్రశ్న, చాలాసార్లు చివరి ప్రశ్న కూడా, "మీ టాంకు ఎన్ని లీటర్లు?" అన్నదే. మనం ఒక అంకె చెబుతాం. వాళ్లు అంతకంటే కాస్త పెద్ద అంకె ఉన్న పెట్టె తీసి ముందు పెడతారు. కానీ ఒకే కొలత గల రెండు టాంకుల్లో ఒకదాంట్లో జత క్లౌన్ చేపలు మాత్రమే ఉండవచ్చు, ఇంకోదాంట్లో పెద్దగా పెరిగి బాగా తినే నాలుగు టాంగ్ చేపలూ ఒక ట్రిగ్గర్ చేపా ఉండవచ్చు. ఆ రెండింటికీ ఒకే స్కిమ్మర్ ఎలా సరిపోతుంది? నీరు ఎంత ఉందన్నది సగం లెక్కే. ఆ నీటిలో రోజూ ఎంత మేత పడుతోందన్నదే అసలు లెక్క. అందుకే ఈ మార్గదర్శి లీటర్ల దగ్గర ఆగకుండా మేత, నురుగు, టాంకు కింద ఉన్న జాగా, ఇంట్లోని కరెంటు వరకు వెళ్తుంది. ఉదాహరణకు 120 సెం.మీ. పొడవు, 60 వెడల్పు, 60 ఎత్తు ఉన్న టాంకునే మొదటి నుంచి చివరి దాకా తీసుకుందాం. మన దగ్గర నాలుగడుగుల టాంకు అని పిలిచేది ఇదే.

ముందుగా: అది ఏం చేస్తుంది, ఏం చేయదు

తుపాను తర్వాత విశాఖ తీరంలోనో చెన్నై తీరంలోనో ఇసుక మీద తెల్లగా నురుగు పేరుకోవడం చూసే ఉంటారు. సముద్రపు నీటిలో కరిగి ఉన్న సేంద్రియ పదార్థం అలల తాకిడికి గాలితో కలిసి అలా పైకి వస్తుంది. స్కిమ్మర్‌లో జరిగేదీ అదే. ప్రొటీన్లు, కొవ్వులు, నాచు వదిలే జిగురు వంటి అణువుల్లో ఒక భాగం నీటిని ఇష్టపడుతుంది, మరో భాగం నీటికి దూరంగా జరగాలని చూస్తుంది. గాలి బుడగ కనబడగానే అవి దాని అంచుకు అతుక్కుంటాయి. సన్నని బుడగలు లక్షలాదిగా పైకి తేలుతూ వాటిని మోసుకెళ్లి, స్కిమ్మర్ పైభాగంలోని గొట్టం (మెడ) గుండా నురుగుగా ఎక్కి పైనున్న కప్పులో పడేస్తాయి. ఉప్పునీటిలో బుడగలు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా సన్నగానే నిలుస్తాయి. మంచినీటిలో అలా నిలవవు కాబట్టి గోల్డ్ ఫిష్ టాంకుకు ఈ పరికరం పనికిరాదు.

దీని హద్దు కూడా తెలిసి ఉండాలి. అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీకి చెందిన రసాయన శాస్త్రవేత్త కెన్ ఫెల్డ్‌మన్ బృందం 2009 నుంచి ప్రచురించిన ప్రయోగాల్లో వేర్వేరు రకాల స్కిమ్మర్లను కొలిచి చూసింది. నీటిలో కొలవగలిగిన సేంద్రియ కార్బన్‌లో అవి తీసేది 20 నుంచి 30 శాతం మాత్రమేనని తేలింది. మిగతాది బుడగకు అతుక్కునే రకం కాదు. ఎంత పెద్ద స్కిమ్మర్ పెట్టినా ఆ మిగతా భాగం కదలదు. అప్పటికే నైట్రేట్‌గా, ఫాస్ఫేట్‌గా మారిపోయినదాన్ని కూడా ఇది తీయలేదు. అలా మారకముందే మలినాన్ని పట్టుకోవడం దీని పని. నైట్రేట్ తగ్గడం లేదని ఇంకా పెద్దది కొనేవాళ్లు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

ఇంకో మేలు ఉంది, దాన్ని చాలామంది లెక్కలో వేసుకోరు. స్కిమ్మర్ నీటికి ఆక్సిజన్ ఇస్తుంది. నీరు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది కాబట్టి మన వేసవిలో ఈ సాయం చిన్నది కాదు.

100 లీటర్ల లోపు టాంకు, అందులో రెండు మూడు చిన్న చేపలు ఉంటే స్కిమ్మర్ కొనకండి. వారానికి 10 నుంచి 15 శాతం నీరు మార్చడం అంతకంటే చవక, అంతకంటే నమ్మకం. ఆ డబ్బు మంచి ఉప్పుకూ ఆర్‌ఓ నీటికీ పెట్టండి.

మొదటి అడుగు: అసలు నీరు ఎంత

మన ఉదాహరణ టాంకు బయటి కొలతల ప్రకారం 432 లీటర్లు. 12 మి.మీ. అద్దం మందం తీసేసి, పైన నాలుగైదు సెంటీమీటర్లు ఖాళీ వదిలితే 366 లీటర్లకు దిగుతుంది. మూడు సెంటీమీటర్ల ఇసుక, ఓ పాతిక కిలోల రాయి వేస్తే మరో 25 లీటర్ల దాకా పోతుంది. మిగిలింది 340. టాంకు కింద 90×40×40 సంప్ (టాంకు నీరు దిగి, పంపుతో తిరిగి పైకి వెళ్లే తొట్టి) ఉండి, అందులో 22 సెం.మీ. నీరు నిలిస్తే 73 లీటర్లు కలుస్తాయి. మొత్తం 410 లీటర్ల పైచిలుకు. సంప్ ఉండటం వల్ల లెక్క తిరిగి పెట్టె మీది అంకెకు దగ్గరగా వచ్చింది. సంప్ లేకుండా టాంకు వెనక తగిలించే రకం స్కిమ్మర్ పెట్టేవారికి మాత్రం 340 అనే అంకే వర్తిస్తుంది. 432 అనుకుని కొంటే తేడా పాతిక శాతం దాటుతుంది.

టాంకు ఇంకా నింపలేదా? అయితే లెక్కలేమీ అక్కర్లేదు. 20 లీటర్ల క్యాన్లతో నింపుతూ, ఎన్ని క్యాన్లు పట్టాయో గోడ మీద గీత గీసుకుంటూ వెళ్లండి. రాయి, ఇసుక ముందే వేసి ఉంచండి. ఇంతకంటే నిక్కమైన కొలత లేదు. ఉప్పు కలపడానికీ, రేపు చేపలకు జబ్బు చేస్తే మందు మోతాదు తేల్చడానికీ ఇదే అంకె పనికొస్తుంది.

రెండో అడుగు: మేత తూకం

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, ఎందుకంటే సైజును తేల్చేది ఈ అడుగే.

బంగారం తూచే రకం చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు మార్కెట్లో తేలిగ్గానే దొరుకుతుంది. ఒక వారం పాటు మేత వేసే ముందు దాని మీద పెట్టి చూడండి. పెల్లెట్లు, ఫ్లేకులు పొడి మేత కాబట్టి ఉన్న తూకమే తీసుకోవచ్చు. గడ్డకట్టించి అమ్మే మైసిస్, బ్రైన్ ష్రింప్ (సన్నని రొయ్యల వంటి జీవులు) ముక్కల్లో 85 నుంచి 90 శాతం దాకా నీరే ఉంటుంది. నాలుగు గ్రాముల ముక్కలో పొడి పదార్థం అర గ్రాముకు అటూ ఇటూ మాత్రమే. రోజుకు రెండు ముక్కలు వేసే వ్యక్తి చాలా వేస్తున్నానని అనుకుంటాడు. చిటికెడు చొప్పున మూడు పూటలా పెల్లెట్లు చల్లే వ్యక్తి తక్కువే వేస్తున్నానని అనుకుంటాడు. త్రాసు మీద పెడితే నిజం దీనికి తలకిందులుగా ఉంటుంది.

ఒక గ్రాము మేత నీటిని ఏం చేస్తుందో చూద్దాం. మంచి సముద్రపు చేపల పెల్లెట్లలో ప్రొటీన్ 45 శాతం ఉంటుందనుకుందాం. ప్రొటీన్‌లో 16 శాతం నైట్రోజన్. అంటే గ్రాము మేతలో 72 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఉంది. అదంతా నైట్రేట్‌గా మారితే దాదాపు 320 మిల్లీగ్రాములు. మన 410 లీటర్ల నీటిలో అది లీటరుకు 0.8 మిల్లీగ్రాములు. రోజుకు మూడు గ్రాములు వేస్తే లీటరుకు 2.3, నెలకు 70. కొంత చేపల ఒంట్లో నిలుస్తుంది, కొంత రాళ్లలోని బ్యాక్టీరియా ఖర్చు చేస్తుంది కాబట్టి నిజంగా అంత పెరగదు. అయినా స్కిమ్మర్ ఎదుర్కోవలసిన బరువు ఏమిటో ఈ అంకె చూపిస్తుంది. మూడు గ్రాములంటే చెంచాలో అడుగుకు పడి ఉండేంత మేత!

నేను వాడే కొలమానం ఇది. ప్రతి 100 లీటర్ల నీటికి రోజుకు పొడి మేత 0.3 గ్రాముల లోపు పడితే భారం తక్కువ. 0.3 నుంచి 0.7 దాకా మధ్యస్థం. 0.7 దాటితే ఎక్కువ. మన ఉదాహరణలో రోజుకు ఒక గ్రాము వేస్తే తక్కువ భారం, రెండు గ్రాములు మధ్యస్థం, మూడు దాటితే ఎక్కువ. ఇది ఏ కంపెనీ ప్రమాణమూ కాదు. కానీ "చేపలు ఓ పది ఉన్నాయి" అనే లెక్క కన్నా దీని మీదే నాకు నమ్మకం. ఎందుకంటే పది చిన్న గోబీ చేపలు వేరు, పది టాంగ్‌లు వేరు.

ఈరోజు ఉన్న చేపల్ని కాకుండా ఏడాది తర్వాత ఉండబోయే చేపల్ని బట్టి లెక్క వేయండి. మూడంగుళాల టాంగ్ మూడంగుళాల దగ్గరే ఉండిపోదు.

పగడాల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. భారతదేశంలో గట్టి పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. వాటిని పట్టడం, అమ్మడం, కొనడం నేరం. కాబట్టి ఇక్కడి టాంకులు ఎక్కువగా చేపల టాంకులే, మేత బాగా పడే టాంకులే. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న తెలుగువారు పెంపకంలో పుట్టిన పగడపు ముక్కలు చట్టబద్ధంగా కొనుక్కుంటారు. వాళ్లకు నీరు మరింత శుభ్రంగా ఉండాలి, అలాగని మరీ ఊడ్చేసినట్టు ఉంటే పగడాలు పాలిపోతాయి. ఇంటర్నెట్‌లో దొరికే స్కిమ్మర్ సలహాల్లో పెద్ద భాగం అలాంటి పగడాల టాంకులవారు రాసినవే. చేపల టాంకు ఉన్నవారు వాటిని యథాతథంగా తీసుకోకూడదు.

మూడో అడుగు: పెట్టె మీది అంకెను చదవడం

స్కిమ్మర్ సామర్థ్యానికి అన్ని కంపెనీలూ పాటించే ఉమ్మడి కొలత ఏదీ లేదు. ఎవరికి వారు రాసుకుంటారు. నిజాయితీగల తయారీదారు మూడు అంకెలు ఇస్తాడు: తక్కువ భారానికి ఇన్ని లీటర్లు, మధ్యస్థానికి ఇన్ని, ఎక్కువకు ఇన్ని అని. అప్పుడు మీ భారం ఉన్న వరసలో మీ నికర నీటి అంకె ఇమిడితే చాలు. ఒకే అంకె ఉంటే అది తక్కువ భారానికి రాసినదే అనుకోండి. మధ్యస్థ భారానికి దాన్ని ఒకటిన్నరతో, ఎక్కువ భారానికి రెండుతో భాగించండి. ఆ లెక్కన మన 410 లీటర్ల టాంకులో మధ్యస్థ భారం ఉంటే దాదాపు 600 లీటర్ల ముద్ర ఉన్నది కావాలి, ఎక్కువ భారమైతే దాదాపు 800 లీటర్లది.

గ్యాలన్లలో రాసి ఉంటే అమెరికన్ గ్యాలన్‌కు 3.785 లీటర్లు.

"పెద్దది కొంటే పోయేదేముంది" అన్న సలహా ఈ అభిరుచిలో అందరి నోటా వినిపిస్తుంది. పోయేది ఉంది. నురుగు నిలబడాలంటే నీటిలో సేంద్రియ పదార్థం తగినంత ఉండాలి. పెద్ద స్కిమ్మర్‌కు పెద్ద మెడ ఉంటుంది. రోజుకు గ్రాము మేత పడే టాంకులో ఆ మెడ నిండేంత సరుకు దొరకదు. నురుగు మెడ మధ్య దాకా వచ్చి, పగిలి, తిరిగి నీటిలో కలుస్తుంది. కప్పు మూడు రోజులు ఎండిపోయి ఉంటుంది, నాలుగో రోజు కాసేపు పనిచేస్తుంది. తక్కువ భారం ఉన్న టాంకులో కొలతకు సరిపోయిన చిన్న స్కిమ్మర్ రోజూ కొద్దికొద్దిగా తీస్తుంది, మొత్తం మీద అదే ఎక్కువ తీస్తుంది. ఒక మెట్టు పెద్దది తప్పు కాదు. రెండు మెట్లు దాటకండి.

నాలుగో అడుగు: ఒళ్లు, మెడ, గాలి

పెట్టె మీది అంకె నిజమో కాదో తేల్చేవి ఈ మూడు కొలతలే. దుకాణానికి టేపు పట్టుకుని వెళ్లండి.

ఒళ్లు అంటే నీరూ బుడగలూ కలిసే గొట్టం. 15 సెం.మీ. వ్యాసం ఉంటే దాని అడ్డుకోత 177 చదరపు సెంటీమీటర్లు, 20 సెం.మీ. అయితే 314. చూపులకు రెండంగుళాల తేడానే, చోటు మాత్రం 1.8 రెట్లు. ఇప్పుడు గాలి లెక్క. గంటకు 600 లీటర్ల గాలి అంటే సెకనుకు 167 ఘనపు సెంటీమీటర్లు. 15 సెం.మీ. ఒంట్లో అది దాదాపు సెకనుకు ఒక సెంటీమీటరు వేగంతో పైకి సాగుతుంది, బుడగలు నెమ్మదిగా తేలుతాయి. అదే ఒంట్లోకి 1,200 లీటర్లు తోస్తే నీరు తెర్లుతుంది, అణువులు బుడగకు అతుక్కునే వ్యవధి తగ్గుతుంది, నురుగు కుదురుకోదు. అందుకని గాలి ఎక్కువ అనే ప్రకటన ఒక్కటే చూసి మురిసిపోకండి. దానికి తగిన ఒళ్లుందా అని చూడండి.

గాలి ఎంత కావాలి? గంటకు లాగే గాలి లీటర్లలో మీ నికర నీటికి కనీసం సమానంగా, భారం ఎక్కువైతే ఒకటిన్నర రెట్లు ఉండేలా చూసుకోవాలని నా అభిప్రాయం. మన ఉదాహరణకు 400 నుంచి 600. కంపెనీ రాసే అంకె కొత్త, శుభ్రమైన పంపుది. గాలి గొట్టం నోట్లో ఉప్పు పేరుకుంటే అది చెప్పకుండానే తగ్గిపోతుంది.

మెడ విషయంలో పైన చెప్పిందే మళ్లీ వర్తిస్తుంది. భారం తక్కువైతే సన్నని మెడ, ఎక్కువైతే వెడల్పు మెడ. ఒకే ముద్ర ఉన్న రెండు స్కిమ్మర్ల మధ్య ఎంచుకోవాల్సి వస్తే నేను ముందు మెడే చూస్తాను. పంపుల్లో ముళ్ల చక్రం ఉన్నవి ఇప్పుడు ఎక్కువ. గాలిని సన్నగా తరిగి, తక్కువ కరెంటుతో పనిచేస్తాయి. చెక్క ఎయిర్ స్టోన్ (గాలిని సన్న బుడగలుగా వదిలే చెక్క ముక్క) రకం చిన్న టాంకుకు చవకగా వస్తుంది కానీ ఆ చెక్కను తరచూ మార్చాలి.

ఐదో అడుగు: టాంకు కింద జాగా

లెక్కలన్నీ కుదిరిన స్కిమ్మర్ తీరా ఇంటికి వచ్చాక సంప్‌లో పట్టకపోవడం మామూలే. మూడు కొలతలు రాసుకోండి: స్కిమ్మర్ అడుగు పట్టేంత చోటు, పైన చెక్క దాకా ఎత్తు, నీటి లోతు. కప్పును కడగడానికి రెండు మూడు రోజులకోసారి పైకి ఎత్తి తీయాలి కాబట్టి స్కిమ్మర్ ఎత్తుకు మరో 8, 10 సెంటీమీటర్లు కలపండి.

వీటిలో నీటి లోతు అతి ముఖ్యం. సంప్‌లో పెట్టే స్కిమ్మర్లు చాలావాటికి 18 నుంచి 24 సెం.మీ. మధ్య ఏదో ఒక లోతు కావాలి. ఎంతన్నది దాని కాగితంలో ఉంటుంది. లోతు ఎక్కువైతే నీరు నురుగుతో పాటు కప్పులోకి పొంగుతుంది, తక్కువైతే నురుగు పైకి రాదు. లోతు ఎక్కువైతే కింద బల్ల వేసి స్కిమ్మర్‌ను ఎత్తులో పెట్టవచ్చు అన్నది నిజమే. అయితే ఆ లోతు రోజంతా మారకుండా ఉండాలి. మన ఎండాకాలంలో నీరు వేగంగా ఆవిరవుతుంది. కాబట్టి సంప్‌లో స్కిమ్మర్ ఉన్న అరకు అడ్డు పలక ఉండి, ఆవిరి వల్ల తగ్గేది పక్క అరలోనే తగ్గేలా సంప్ ఉండాలి. లేదంటే తగ్గిన నీటిని తనంతట తానే నింపే ఏర్పాటు ఉండాలి. ఈ రెండూ లేకపోతే ఎంత మంచి స్కిమ్మర్‌నైనా రోజూ తిప్పుకుంటూ కూర్చోవాలి.

ఆరో అడుగు: కరెంటు

అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత స్కిమ్మర్ తెప్పించుకునేవారు ఈ భాగం తప్పక చదవాలి. అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. ఏసీ పంపును నేరుగా పెడితే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టేజీ సరిపోతుంది, హెర్ట్జ్ మారదు. ఈ పంపుల చక్రం తిరిగే వేగం హెర్ట్జ్‌ను బట్టి ఉంటుంది: 60 దగ్గర నిమిషానికి 3,600 చుట్లు, 50 దగ్గర 3,000. వేగం ఆరో వంతు తగ్గితే లాగే గాలి కూడా తగ్గుతుంది. అంటే మీరు లెక్కవేసి కొన్న సైజు ఇక్కడికి వచ్చేసరికి చిన్నదైపోతుంది. 100 నుంచి 240 వోల్టుల అడాప్టర్‌తో వచ్చే డీసీ పంపులకు ఈ చిక్కు లేదు. పైగా వేగం తగ్గించి, పెంచుకునే వీలుంటుంది కాబట్టి సైజు కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుంటాయి. ధర ఎక్కువైనా మన పరిస్థితులకు డీసీ పంపు మేలని నా గట్టి నమ్మకం.

కరెంటు పోయినప్పుడు పైటాంకు నీరు కొంత సంప్‌లోకి దిగుతుంది. తిరిగి రాగానే స్కిమ్మర్ ఆ లోతు నీటిలో ఒక్కసారిగా మొదలై, కప్పు పొంగి నేల పాలవుతుంది. ఆలస్యంగా ఆన్ అయ్యే ప్లగ్ పెట్టి, మిగతా పంపుల కన్నా పది నిమిషాలు వెనకగా దీన్ని నడిపించండి. ఇన్వర్టర్ మీద ముందు నీటిని తిప్పే పంపు నడవాలి, స్కిమ్మర్ తర్వాత. సైన్ వేవ్ కాని ఇన్వర్టర్ మీద ఏసీ పంపులు మోత పెట్టి వేడెక్కుతాయి.

తలుపులు మూసి ఏసీ వేసుకునే గదిలో కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. స్కిమ్మర్ అదే గాలిని నీటిలోకి పంపుతుంది, పీహెచ్ పడిపోతుంది. గాలి గొట్టాన్ని కిటికీ బయటి దాకా లాగితే చాలు.

బిగించాక: సైజు సరైనదేనా అని తేల్చుకోవడం

కొత్త స్కిమ్మర్‌ను నీళ్లు కలిపిన వెనిగర్‌తో కడిగి బిగించండి. మొదటి వారం రెండు వారాలు టాంకులోకి సన్నని బుడగలు రావడం, ఒక రోజు పొంగడం, ఒక రోజు ఏమీ రాకపోవడం సహజం. లోపలి గోడలకు జీవపొర పట్టేదాకా అంతే. ఈ రోజుల్లో సైజు గురించి ఏ తీర్పూ ఇవ్వకండి. మేత వేశాక, టాంకులో చేయి పెట్టాక నూనె వల్ల నురుగు కొన్ని గంటలు కూలిపోతుంది. రాళ్లు అతికించే ఎపాక్సీ వాడితే దానికి విరుద్ధంగా పొంగిపొర్లుతుంది. ఇవీ సైజు లోపాలు కావు.

నెల గడిచాక చూడండి. నురుగు ఒళ్లూ మెడా కలిసేచోటికి కాస్త పైన నిలబడి, కప్పులో చిక్కటి టీ డికాక్షన్ రంగు నీరు రెండు మూడు రోజులకు కొంచెం కొంచెంగా చేరుతుంటే సైజు కుదిరింది. కప్పు రోజూ ముదురు మడ్డితో నిండుతూ, అయినా టాంకు నీరు పసుపు పచ్చగా కనిపిస్తుంటే చిన్నదైంది. పసుపు తేల్చుకోవడానికి తెల్లని ప్లాస్టిక్ పళ్లేన్ని సగం నీటిలో ముంచి, పొడవు వైపు నుంచి అద్దం గుండా చూడండి. స్కిమ్మర్ మార్చే ముందు మేత తగ్గించి, యాక్టివేటెడ్ కార్బన్ పెట్టి ఒక నెల చూడటం మంచిది. రోజుల తరబడి కప్పు ఖాళీగా ఉంటూ అప్పుడప్పుడు మాత్రమే ఏదైనా పడుతుంటే పెద్దదైంది. డీసీ పంపు అయితే వేగం తగ్గించండి. ఏసీ అయితే స్కిమ్మర్ లోపలి నీటి మట్టాన్ని కొద్దిగా పెంచి, పలచని నురుగునే తీయనివ్వండి.

ఏది తేల్చే ముందైనా గాలి గొట్టాన్ని గోరువెచ్చని నీటితో కడగండి. మూడు నాలుగు నెలలకోసారి పంపు విప్పి సిట్రిక్ ఆమ్లంలో నానబెట్టండి. చిన్నదైపోయిందని పక్కన పెట్టే స్కిమ్మర్లలో చాలావాటికి ఉన్న జబ్బు ఆ గొట్టంలోని ఉప్పే. సెకండ్ హ్యాండ్‌లో అలాంటివి తక్కువ ధరకు దొరుకుతాయి. కొనే ముందు పంపు చక్రం ముళ్లు విరగలేదని, మెడ అతుకుల దగ్గర పగుళ్లు లేవని చూసి, బకెట్ ఉప్పునీటిలో అరగంట నడిపించమని అడగండి.